ఇంట్లో పిల్లి ఉంటే అక్వేరియం పెట్టొచ్చా? ఆదోని, ఎమ్మిగనూరు వాసులు తెలుసుకోవాల్సినవి

పెట్టొచ్చు. కాకపోతే చేపల కంటే ముందు మూత కొనండి. పిల్లి ఐదడుగుల ఎత్తుకు సులువుగా దూకుతుంది, కాబట్టి తొట్టిని ఎత్తులో పెట్టామన్న ధీమా పనికిరాదు. గుడ్డ కప్పడం ఇంకా ప్రమాదం, పిల్లి దాని మీదకెక్కి నీళ్లలో పడుతుంది. గాలి ఆడే గట్టి మూతను క్లిప్పులతో బిగించాలి. గుండ్రటి గాజు గిన్నెలు అసలే వద్దు. ఒక్క పంజా దెబ్బ చాలు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టిలో సుమారు 55 లీటర్ల నీళ్లు పడతాయి. అద్దం, గులకరాళ్లు కలిపితే బరువు 70 కిలోల దాకా ఉంటుంది. టీవీ స్టాండు దీన్ని మోయలేదు. మన ఇళ్లలో ఉండే నాపబండ అరుగే నయం.

కుళాయి నీళ్లు నేరుగా పోయొచ్చా?

వద్దు. రెండు పట్టణాలకూ తుంగభద్ర దిగువ కాలువ నీరే ఆధారం. ఆదోనికి బసలదొడ్డి ట్యాంకు నుంచి వస్తుంది. తాగునీటిలో కలిపే క్లోరిన్ మనకు మంచిదే గానీ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. మూత లేని బకెట్‌లో 24 గంటలు ఉంచి వాడండి. ఒకేసారి మొత్తం మార్చకుండా వారానికి పావు వంతు చాలు. వద్దనుకున్న చేపలను కాలువలో మాత్రం వదలకండి.

కరెంటు

వైరును పిల్లి కొరకకుండా పైపులో నడిపించండి. అది సాకెట్ కంటే కిందికి వంగి మళ్లీ పైకి రావాలి. అప్పుడు నీటి చుక్కలు ప్లగ్గులోకి పోవు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ప్రాణానికి భరోసా. వేసవిలో సరఫరా ఆగితే 1912కు ఫిర్యాదు చేయొచ్చు, ఈలోగా చేపలకు బ్యాటరీ ఎయిర్ పంపు కావాలి.

మందులు

చేపల జబ్బుకు వాడే మిథిలీన్ బ్లూ పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తుంది. మందు వేసిన తొట్టి నీళ్లు తాగనివ్వకండి. కుక్కల గోమార్లకు వాడే పర్మెత్రిన్ మందైతే పిల్లికీ చేపకూ విషమే.

పిల్లి కరిచినా, గీరినా గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. పెంపుడు పిల్లే కదా అని ఆగొద్దు. దానికి ఏటా వేయించాల్సిన టీకా కోసం పశువైద్యశాలను సంప్రదించండి. పశువైద్య సేవల టోల్‌ఫ్రీ నంబరు 1962.