స్టాఫిలోకాకస్ నిర్ధారణ: ఒక పునఃపరిశీలనము

చీములో గుత్తులు గుత్తులుగా కానవచ్చు సూక్ష్మజీవులకు ఆబర్డీన్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1882లో స్టాఫిలోకాకస్ అని పేరిడుటయు, 1884లో రోజెన్‌బాఖ్ వానిని బంగారు వన్నెవి (ఆరియస్), తెల్లనివి యని విడదీయుటయు, 1903లో లోయెబ్ ఈ జీవి ప్లాస్మాను గడ్డకట్టించునని చూపుటయు వైద్యవిద్యార్థులెల్లరు ఎరిగినవే. అయితే గడ్డకట్టించునది రోగకారి, గడ్డకట్టింపనిది చర్మముపై బ్రతుకు నిరపాయజీవి యని పాఠ్యగ్రంథములు దీనికి చేర్చిన ముక్తాయింపు నాకు సమ్మతము కాదు.

ఈ గడ్డకట్టింపును చూచు కొయాగ్యులేజ్ పరీక్ష యుపయోగమును నేను కాదనను. కాని గొట్టములో ప్లాస్మాను 37 డిగ్రీల వేడిమియందు నాలుగు గంటలకు చూడక మరునాటి వరకు విడిచినచో, ఆ జీవియే స్రవించు స్టాఫిలోకైనేజ్ ఆ గడ్డను కరగించి, అసలైన ఆరియస్‌నే తెల్లదానిగా చూపవచ్చును. సిట్రేట్ ప్లాస్మా వాడినచో ఎంటరోకాకస్ సిట్రేట్‌ను హరించి లేని గడ్డను కల్పింపవచ్చును. అంతకంటె పెద్దలోపము, గడ్డకట్టింపని జాతులన్నిటిని ఒక్కరాశిగా పోసి, సంపర్కదోషమని త్రోసివేయుట. 1975లో క్లూస్, ష్లైఫర్ ఆ రాశిని జాతులుగా విడదీసిన పిమ్మటగాని వాని వేర్వేరు స్వభావములు స్పష్టపడలేదు: సాప్రోఫైటికస్ యువతుల మూత్రమార్గమును బాధించును, 1988లో పేరుపొందిన లుగ్డునెన్సిస్ గుండె కవాటములను ఆరియస్‌వలెనే ధ్వంసము చేయును. అమెరికాలో 1995లో వెలువడిన నేత్రాంతఃశోథ పరిశీలనలో, జీవి పెరిగిన నమూనాలలో సుమారు 70 శాతమునందు కనబడినవి ఈ గడ్డకట్టింపని కాకస్‌లే. మన హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు 1999లో ప్రకటించిన పరిశీలనమందును శస్త్రచికిత్సానంతరము మిక్కిలిగా దొరకినది ఈ రాశిలోని ఎపిడెర్మిడిస్ జాతియే. కంటిలోపల అది నిరపాయజీవి యని ఎవరనగలరు? అట్లని ఒక్క రక్తపు సీసాలో అది పెరిగినంతనే రోగమనరాదు. అది పెక్కుసారులు చర్మమునుండి వచ్చినదే. వేర్వేరుగా తీసిన రెండు నమూనాలలో అదే జాతి పెరిగి, రోగి యొడలిలో కృత్రిమ కవాటమో, కాథెటరో యున్నప్పుడు దానిని త్రోసివేయుట ప్రమాదము.

జాతినిర్ధారణకు జన్యుక్రమమును చదువు రీతియు కలదు. హబ్సిగూడలోని సి.సి.ఎమ్.బి. పరిశోధనాలయములో శివాజీ బృందము అంటార్కిటికా బాక్టీరియాలను 16ఎస్ జన్యుక్రమముతో గుర్తించి కొత్తజాతులకు నామకరణము చేసిన కృషి గొప్పది. ఆ రీతి వచ్చిన పిదప కొయాగ్యులేజ్ గొట్టముతో పనిలేదని తలచువారు కలరు. కాని స్టాఫిలోకాకస్ జాతులలో 16ఎస్ భేదములు మిక్కిలి స్వల్పములగుటచే ఆర్‌పీఓబీ, టఫ్ వంటి జన్యువులను కూడ చదువవలసివచ్చును. అంతచదివినను, ఆ జీవి చర్మమునుండి వచ్చినదో, కవాటమునుండి వచ్చినదో జన్యువు చెప్పదు.

నేడు పెద్దయాసుపత్రులలో మాల్డీటాఫ్ యంత్రము పెరిగిన జీవి పేరును నిమిషములలో తెలుపుచున్నది. 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ బిళ్ళ మెథిసిలిన్ నిరోధమును పట్టి యిచ్చుచున్నది. 2008, 2009లలో దేశవ్యాప్తముగా సేకరించిన ఆరియస్‌లో సుమారు 41 శాతము అట్టి నిరోధము కలవి యని తేలినందున, ఈ వేగము మిక్కిలి యవసరము. కాని నమూనాతోపాటు వచ్చు కాగితమున రోగి స్థితి, నమూనా తీసిన చోటు, సీసాల సంఖ్య లేనప్పుడు, ఎంత వేగముగా పేరు చెప్పినను, ప్రయోగశాల వైద్యునికి సగము సమాధానమే యిచ్చుచున్నది. ఆ ఖాళీవలన చర్మజీవికి వాంకోమైసిన్ ఎక్కించి మూత్రపిండములను దెబ్బతీయుటయు, కవాటముపై పెరుగుచున్న లుగ్డునెన్సిస్‌ను సంపర్కదోషమని విడిచిపెట్టుటయు రెండును జరుగగలవు. కనుక యంత్రము కొనుటకు ముందు ఆ కాగితమును పూర్తిగా నింపించు నియమమును ప్రతి యాసుపత్రియు ఏర్పరచుకొనవలెనని నేను కోరుచున్నాను.