బల్దియా పైసలు ఎవరు మంజూరు చేస్తారు? స్టాండింగ్ కమిటీ పనితీరు తెలుసుకోండి

"మా గల్లీ రోడ్డు శాంక్షన్ అయిపోయింది." బస్తీల్లో ఈ మాట తరచూ వింటాం. ఆర్నెల్లు గడుస్తాయి, కంకర కుప్ప కూడా కనపడదు. అడిగితే "ఫైలు పైన ఉంది" అంటారు. ఆ "పైన" అంటే ఎక్కడ? అక్కడ ఎవరు కూర్చుంటారు? ఏం చూసి ఒప్పుకుంటారు, ఏం చూసి పక్కన పెడతారు? ఇది తెలియకపోవడం వల్లే చాలా మొహల్లాల దరఖాస్తులు మధ్యలోనే ఆగిపోతాయి. హైదరాబాద్ బల్దియాను, అంటే జీహెచ్ఎంసీని ఉదాహరణగా తీసుకుని ఆ దారి ఎలా ఉంటుందో చూద్దాం.

కమిటీలో ఎవరుంటారు?

కార్పొరేషన్‌లో నిర్ణయాలు మూడు చోట్ల జరుగుతాయి. ఒకటి కమిషనర్, అంటే అధికారుల వైపు. రెండోది స్టాండింగ్ కమిటీ. మూడోది కార్పొరేటర్లంతా కూర్చునే సర్వసభ్య సమావేశం, అంటే కౌన్సిల్. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టమే, సవరణలతో, ఇప్పటికీ దీనికి ఆధారం.

స్టాండింగ్ కమిటీ సభ్యులను కార్పొరేటర్లు తమలోంచే ఎన్నుకుంటారు. మేయర్ అధ్యక్షత వహిస్తారు. సభ్యుల పదవీకాలం ఒక్క ఏడాదే. 2021 ఫిబ్రవరిలో కొలువుదీరిన పాలకమండలిలో 150 మంది కార్పొరేటర్లు, కమిటీలో 15 మంది సభ్యులు. అంటే పది మందికి ఒకరు. విశాఖపట్నంలో 98 వార్డులకు 10 మంది సభ్యులుండటం కూడా ఇదే లెక్క.

పార్టీల మధ్య సర్దుబాటు కుదిరితే పోటీ కూడా ఉండదు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో 15 మందీ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. కాబట్టి మీ కార్పొరేటర్ ఈ ఏడాది కమిటీలో ఉన్నారా, లేకుంటే ఆయనకు దగ్గరైన సభ్యుడు ఎవరు అన్నది ముందే తెలుసుకోవడం మంచిది.

ముందు, ఇది బల్దియా పనేనా?

చాలా దరఖాస్తులు తప్పు గుమ్మం దగ్గర ఆగిపోతాయి. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలున్నాయి. రోడ్లు, పారిశుధ్యం, పార్కులు, వీధిదీపాలు అన్నీ అందులో ఉన్నాయి. శ్మశానాలు, ఖబ్రస్తాన్‌లు 14వ అంశం. అయితే అన్నీ ఒకే ఆఫీసు చూడదు.

హైదరాబాద్‌లో తాగునీరు, మురుగునీటి పైపులైన్ల పని జలమండలిది. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ పంపిణీ సంస్థవి. ఆ వీధిలో వెలిగే లైటు మాత్రం బల్దియాది. పాతబస్తీలో కొన్ని అభివృద్ధి పనులు కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థ ద్వారా జరుగుతాయి. ఎంపీ గారి నిధులు వేరు. ఏటా 5 కోట్ల రూపాయల పనులను ఎంపీ సిఫారసు చేయవచ్చు, వాటికి స్టాండింగ్ కమిటీతో సంబంధం లేదు.

వాన పడితే గల్లీలో నీళ్లు నిలుస్తున్నాయి అనుకుందాం. అవి వాననీటి కాలువ పూడిపోయి నిలుస్తున్నాయా, డ్రైనేజీ మ్యాన్‌హోల్ పొంగి నిలుస్తున్నాయా అన్నదాన్ని బట్టి దరఖాస్తు వెళ్లే ఆఫీసే మారిపోతుంది.

దరఖాస్తు నుంచి ఎజెండా దాకా

కార్పొరేటర్ లెటర్‌హెడ్ మీద రాసిచ్చినా, సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా, కాగితం చివరికి చేరేది మీ ప్రాంతం అసిస్టెంట్ ఇంజనీర్ దగ్గరికే. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఏఈ వచ్చి చూస్తారు, కొలతలు తీస్తారు. ప్రభుత్వం ఖరారు చేసిన రేట్ల పట్టిక ప్రకారం ఎస్టిమేట్ వేస్తారు. అది డీఈ, ఈఈ మీదుగా పైకి వెళ్తుంది. పని పెద్దదైతే ఎస్ఈ, చీఫ్ ఇంజనీర్ కూడా చూడాలి. ఆ తర్వాత లెక్కల విభాగం ఒకే ప్రశ్న అడుగుతుంది: ఈ పద్దులో ఈ ఏడాది పైసలు మిగిలాయా?

ఖర్చును బట్టి ఫైలు ఎక్కడ ఆగాలో తేలుతుంది. చిన్న మొత్తాలు అధికారుల స్థాయిలోనే మంజూరవుతాయి. కమిషనర్ హద్దు దాటితే స్టాండింగ్ కమిటీకి, అదీ దాటితే కౌన్సిల్‌కు, ఇంకా పెద్దదైతే రాష్ట్ర ప్రభుత్వానికి పోతుంది. ఈ హద్దులు ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటాయి. అందుకే ఏఈని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: "సార్, ఎస్టిమేట్ ఎంతైంది? ఎవరి మంజూరు కావాలి?" ఈ ఒక్క జవాబుతో సగం దారి తెలిసిపోతుంది.

కమిటీ ఏం చూస్తుంది?

కమిటీ ముందుకు దరఖాస్తు రాదు, కమిషనర్ పంపిన నోట్ వస్తుంది. అందులో పని పేరు, ఖర్చు, ఏ పద్దులోంచి ఇవ్వాలి, అధికారుల సిఫారసు ఉంటాయి. ఒక్కో సమావేశంలో ఇలాంటి అంశాలు చాలా ఉంటాయి. రోడ్ల విస్తరణకు ఆస్తుల సేకరణ, టెండర్ల ఆమోదం, ఔట్‌సోర్సింగ్ గడువు పొడిగింపు, పార్కుల నిర్వహణ ఒప్పందాలు, వీటి మధ్యలో మీ నాలా పక్క రిటైనింగ్ వాల్ కూడా ఒకటి.

నిర్ణయం నాలుగు రకాలుగా ఉండొచ్చు: ఆమోదించడం, తిరస్కరించడం, వచ్చే సమావేశానికి వాయిదా వేయడం, వివరాలు కావాలని వెనక్కి పంపడం. ఎక్కువ నష్టం చివరి రెండింటితోనే. తిరస్కరిస్తే కనీసం మనకు తెలుస్తుంది. వాయిదా పడిన ఫైలును ఎవరూ అడగకపోతే అలాగే పడి ఉంటుంది.

నిజం చెప్పాలంటే అవసరం ఒక్కటే చూడరు. ఏ వార్డుకు ఎంత పోయింది, ఎవరు గట్టిగా అడిగారు అన్నవి కూడా పని చేస్తాయి. అయితే ఎస్టిమేట్ సరిగ్గా ఉండి, పద్దులో డబ్బు ఉండి, స్థలం మీద తగాదా లేకపోతే ఆ ఫైలును ఆపడానికి సాకు దొరకడం కష్టం.

అడగాల్సిన కాలం ఏది?

మనం సాధారణంగా జూలై వానల్లో, లేదా రంజాన్ దగ్గర పడ్డాక అడుగుతాం. బడ్జెట్ తయారయ్యే కాలం మాత్రం వేరు. చట్టం ప్రకారం కమిషనర్ నవంబర్ 10లోగా బడ్జెట్ ముసాయిదాను స్టాండింగ్ కమిటీ ముందు పెట్టాలి. కమిటీ డిసెంబర్ 10లోగా ఆమోదించాలి. జనవరి 10లోగా కౌన్సిల్ ముందుకు రావాలి, ఫిబ్రవరి 20లోగా కౌన్సిల్ ఆమోదించాలి. మార్చి 7లోగా ప్రభుత్వానికి చేరాలి. ఆచరణలో తేదీలు కొంచెం అటూ ఇటూ అవుతుంటాయి, వరుస మాత్రం ఇదే.

2025-26 సంవత్సరానికి 8,440 కోట్ల రూపాయల బడ్జెట్‌ను కౌన్సిల్ 2025 జనవరి 30న ఆమోదించింది. ఆ రోజు సభ ప్రతిపక్షాల నిరసనలతో గందరగోళంగా సాగింది. అలాంటి సభలో ఒక గల్లీ గురించి ఎవరు మాట్లాడగలరు? పెద్ద పని ఏదైనా ఉంటే సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే ఎస్టిమేట్ వేయించుకోవాలి. ఆర్థిక సంవత్సరం చివర్లో అడిగితే "పద్దు అయిపోయింది" అన్న జవాబే వస్తుంది.

ఖబ్రస్తాన్ పనులకు ఒక మాట

ప్రహరీ గోడ, లైట్లు, లోపల నడక దారి. ఇవి బల్దియా అంశాలే అయినా ఫైలు తరచూ ఆగేది స్థలం కాగితాల దగ్గర. భూమి వక్ఫ్‌దైతే వక్ఫ్ గెజిట్ నకలు, ముతవల్లీ లేదా ఇంతెజామియా కమిటీ అంగీకార పత్రం, అవసరమైతే వక్ఫ్ బోర్డు నుంచి నిరభ్యంతర పత్రం దరఖాస్తుతో పాటే ఇవ్వాలి. సరిహద్దు మీద తగాదా ఉంటే ముందు సర్వే చేయించుకోవాలి. ప్రజాధనం ఎవరి భూమి మీద ఖర్చయింది అని ఆడిట్‌లో అడుగుతారు. అందుకే కాగితం లేని చోట సంతకం పెట్టడానికి ఏ అధికారీ ముందుకు రాడు. జనాజా తీసుకెళ్లే దారి చీకటిగా ఉంటే మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. రోడ్డు మీది వీధిదీపం విడి దరఖాస్తుగా పెడితే తొందరగా అవుతుంది.

మంజూరు అంటే పని మొదలైనట్టు కాదు

కమిటీ ఒప్పుకుంటే ఆ తీర్మానానికి ఒక నంబర్ వస్తుంది. ఆ తర్వాత పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండర్, కాంట్రాక్టర్‌తో అగ్రిమెంట్, వర్క్ ఆర్డర్. అప్పుడే పలుగు పార కదిలేది. పని జరిగాక కొలతల పుస్తకంలో నమోదు చేసి బిల్లు పెడతారు. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు టెండర్‌కే రాకపోవడం కూడా ఉంటుంది.

కాబట్టి "శాంక్షన్ అయిందా?" అని అడగడం మానేసి, "తీర్మానం నంబర్ ఎంత? టెండర్ అయిందా? వర్క్ ఆర్డర్ తేదీ ఎప్పుడు?" అని అడగండి. జవాబు రాకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెల్ల రేషన్ కార్డు వంటి పేదరిక ధ్రువీకరణ ఉంటే ఆ ఫీజూ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎస్టిమేట్, అగ్రిమెంట్, కొలతల పుస్తకం నకళ్లు అడగొచ్చు. పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి.

పాలకమండలి లేనప్పుడు?

గడువు ముగిసి ఎన్నికలు జరగకపోతే ప్రత్యేకాధికారి వస్తారు. కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ అధికారాలు రెండూ ఆయన చేతికే పోతాయి. 2014 డిసెంబర్ నుంచి 2016 ఫిబ్రవరి ఎన్నికల దాకా హైదరాబాద్ ఇలాగే నడిచింది. అలాంటప్పుడు మన తరఫున అడిగే కార్పొరేటర్ ఉండరు, కాగితమే మాట్లాడాలి.

గుర్తుంచుకోవాల్సినవి

దరఖాస్తులో ఒకే పని రాయండి. పది సమస్యలు కలిపితే ఏ విభాగమూ తనది అనుకోదు. ఇంటి నంబర్, ల్యాండ్‌మార్క్, ఫొటోలు, చుట్టుపక్కల వాళ్ల సంతకాలు జతచేయండి. ఆడవాళ్ల సంతకాలు కూడా ఉండాలి, నీళ్లు నిలిచిన గల్లీలో రోజూ నడిచేది వాళ్లే. రసీదు లేకుండా కాగితం ఇవ్వకండి. నెలకొకసారి ఒకరే వెళ్లి అడిగేలా బస్తీలో ఒకరికి బాధ్యత అప్పగించండి.

ఇంటి పన్ను మనం కడుతున్నాం. అందులోంచే ఈ పనులన్నీ జరగాలి. అడగడం ఎవరి దయ కోసమో కాదు, హక్కు కోసం. ఆ హక్కు నెరవేరాలంటే ఫైలు ఏ టేబుల్ మీద ఉందో మనకు తెలిసి ఉండాలి.