రాతి మీద దిద్దుబాటు

ప్లీడరు, జడ్జి, గవర్నరు, రిజర్వు సైన్యంలో మేజర్ జనరల్. యుద్ధభూమిలో వెనకడుగు వేయని స్ట్రామ్ థర్మండ్, తన సొంత రాష్ట్రంలో న్యాయం చేయాల్సిన వేళ ఎటు నిలబడ్డారు?

1944 జూన్ 6. ఫ్రాన్స్‌లోని నార్మండీ. విమానం తాడు కట్టి లాక్కొచ్చిన గ్లైడర్ ఒకటి, తాడు వదలగానే నేలకేసి జారింది. దానికి ఇంజిను లేదు, దిగడానికి రన్‌వే లేదు. శత్రువుల తుపాకుల నడుమ ఓ ఆపిల్ తోటలో కూలినట్టే దిగింది. మోకాలికి దెబ్బ తగిలినా లేచి నడిచిన అధికారి ఒకాయనకు అప్పటికి 41 ఏళ్లు. అమెరికాలో ఆయన సర్క్యూట్ జడ్జి. యుద్ధానికి రావాల్సిన పనే లేదు. కావాలని వచ్చారు. ఆయనే స్ట్రామ్ థర్మండ్.

ప్రాణాలకు తెగించిన మనిషి ఊరి కట్టుబాటుకు ఎదురు తిరగడానికి జంకుతాడా? జంకడనే అనుకుంటాం. థర్మండ్ జీవితం చదివాక ఆ నమ్మకం నిలవదు.

తండ్రి దగ్గరే లా చదువు

దక్షిణ కరోలినా రాష్ట్రంలోని ఎడ్జ్‌ఫీల్డ్‌లో 1902 డిసెంబరు 5న థర్మండ్ పుట్టారు. తండ్రి పేరున్న ప్లీడరు. విద్యార్థులంతా సైనిక శిక్షణ పొందే క్లెమ్సన్ కాలేజీలో చదివి 1923లో పట్టా అందుకున్నారు. మరుసటి ఏడాదే రిజర్వు సైన్యంలో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరారు. రిజర్వు అంటే మన టెరిటోరియల్ ఆర్మీ లాంటిది. ఎవరి వృత్తి వాళ్లు చేసుకుంటూనే శిక్షణ పొందుతారు. దేశం పిలిస్తే యూనిఫాం తొడుక్కుంటారు.

ఆయన కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పారు. కౌంటీ విద్యాధికారిగా ఎన్నికయ్యారు. లా కాలేజీ గడప తొక్కకుండా తండ్రి దగ్గరే చట్టం చదువుకుని, 1930లో ప్లీడరుగా సన్నదు పుచ్చుకున్నారు. 1933లో రాష్ట్ర సెనేట్‌లో అడుగుపెట్టారు. 1938లో సర్క్యూట్ జడ్జి అయ్యారు. అక్కడ జడ్జీలను ఎన్నుకునేది శాసనసభే.

1941లో ఎడ్జ్‌ఫీల్డ్ దగ్గర రెండు కుటుంబాల పగ చివరికి షెరీఫ్ ప్రాణం తీసింది. నిందితులున్న ఇంటిని జనం చుట్టుముట్టారు. ఏ క్షణాన తుపాకి పేలుతుందో తెలియని ఆ ఇంట్లోకి ఈ జడ్జి ఒంటరిగా, నిరాయుధంగా నడిచి వెళ్లారు. లోపలున్న మహిళను లొంగిపోయేలా ఒప్పించారు. ఆ ఏడాది డిసెంబరులో జర్మనీతో యుద్ధం మొదలుకాగానే, జడ్జిగా తనకున్న మినహాయింపును పక్కనపెట్టి సైన్యానికి పేరిచ్చారు. 1945 ఏప్రిల్‌లో విముక్తమైన బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరాన్ని కళ్లారా చూశారు. జాతి పేరిట మనుషుల్ని వేరుచేస్తూ పోతే ఆ దారి చివర ఏముంటుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

ఒకే రాష్ట్రం, ఇద్దరు సైనికులు

1946 ఫిబ్రవరి 12న ఐజాక్ వుడర్డ్ అనే నల్లజాతి సార్జెంట్ ఇంటికి బయల్దేరారు. పసిఫిక్ రంగంలో పనిచేసి, ఆగస్టా దగ్గరి శిబిరంలో ఆ రోజే సైన్యం నుంచి విడుదలయ్యారు. ఒంటి మీద ఇంకా యూనిఫాం ఉంది. కాలకృత్యాలకు బస్సు ఆపమని అడిగితే డ్రైవరు కసిరాడు. ఆయనా మాటకు మాట చెప్పారు. దక్షిణ కరోలినాలోని బేట్స్‌బర్గ్‌లో డ్రైవరు బస్సు ఆపి పోలీసులకు అప్పగించాడు. ఆ ఊరి పోలీసు అధికారి లాఠీతో కొట్టిన దెబ్బలకు వుడర్డ్ రెండు కళ్లూ శాశ్వతంగా పోయాయి. ఆ అధికారి మీద కేసు నడిచింది. తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నిర్దోషి అని తీర్పు చెప్పింది.

అదే ఏడాది థర్మండ్ జడ్జి పదవి వదిలి గవర్నరు ఎన్నికల్లో నిలిచి గెలిచారు. 1947 జనవరిలో ప్రమాణస్వీకారం చేశారు. నెల తిరక్కుండానే విల్లీ ఎర్ల్ అనే నల్లజాతి యువకుణ్ని ఒక మూక జైలు నుంచి లాక్కెళ్లి చంపేసింది. అప్పుడు థర్మండ్ వెనకాడలేదు. రాష్ట్ర పోలీసుల్ని రంగంలోకి దింపారు. 31 మంది తెల్లవాళ్లను కోర్టుబోను ఎక్కించారు. చాలామంది వాంగ్మూలాలు ఇచ్చి కూడా, మే నెలలో అందరూ బయటపడ్డారు. అయినా ఆ రాష్ట్రంలో అదే చివరి మూకహత్యగా చరిత్రలో మిగిలింది. ఓటు వేయాలంటే పన్ను కట్టాలన్న నిబంధనను ఎత్తేయాలని కూడా ఆయన వాదించారు. ఒక మెట్టు ఎక్కారు. రెండో మెట్టు దగ్గర ఆగిపోయారు.

వుడర్డ్ గతి విని కదిలిపోయిన అధ్యక్షుడు ట్రూమన్ కూడా రిజర్వు అధికారే. పౌరహక్కుల కమిటీ వేశారు. 1948 ఫిబ్రవరిలో పౌరహక్కుల చట్టాలు చేయమని కాంగ్రెస్‌ను కోరారు. జూలై 26న సైన్యంలో జాతి వివక్షకు తెరదించే ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఆ ఉత్తర్వు రాకముందే థర్మండ్ తిరుగుబాటు చేశారు. రాష్ట్రాల హక్కుల పేరుతో పుట్టిన పార్టీ తరఫున ట్రూమన్ మీద పోటీకి దిగారు. నాలుగు రాష్ట్రాలు, 39 ఎలక్టోరల్ ఓట్లు గెలిచారు. ఆ హక్కుల మాటున ఆయన కాపాడుతున్నది నల్లవాళ్లను వేరుగా ఉంచే పద్ధతినే. అదే యూనిఫాం వేసుకున్న వుడర్డ్ కళ్లు పోయింది తన రాష్ట్రంలోనే అన్న సంగతి ఆయన మనసును మార్చలేదు.

24 గంటల 18 నిమిషాలు

1954లో బ్యాలెట్‌లో పేరు లేకపోయినా, ఓటర్లు చేత్తో రాసిన ఓట్లతోనే థర్మండ్ అమెరికా సెనేట్‌కు నెగ్గారు. 1957 ఆగస్టులో పౌరహక్కుల బిల్లును ఆపాలని 24 గంటల 18 నిమిషాలు ఏకబిగిన మాట్లాడారు. రాష్ట్రాల ఎన్నికల చట్టాలను వరసపెట్టి చదివారు. ప్లీడరుగా నేర్చిన విద్యంతా తోటి పౌరుల ఓటుకు అడ్డం పెట్టారు. బిల్లు నెగ్గింది. సెనేట్‌లో అతి సుదీర్ఘ ప్రసంగంగా ఆ రికార్డు మాత్రం 2025 దాకా నిలిచింది. దాన్ని దాటిన కోరీ బుకర్ నల్లజాతి సెనేటర్. రిజర్వులో 36 ఏళ్ల సేవ పూర్తయ్యేసరికి థర్మండ్ మేజర్ జనరల్. సెనేట్‌లో వందేళ్లు నిండేదాకా కూర్చుని, 2003 జూన్ 26న కన్నుమూశారు.

పెద్దబిడ్డ

ఆరు నెలలు గడిచాయి. 2003 డిసెంబరులో 78 ఏళ్ల రిటైర్డ్ టీచరు ఒకరు లోకం ముందుకొచ్చారు. పేరు ఎసీ మే వాషింగ్టన్ విలియమ్స్. తాను థర్మండ్ కూతురినని చెప్పారు. తల్లి క్యారీ బట్లర్ థర్మండ్ ఇంట్లో పనిచేసిన నల్లజాతి అమ్మాయి. బిడ్డ పుట్టేనాటికి ఆమెకు పదహారేళ్లే. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ పెళ్లి జరగకూడదని ఆ రాష్ట్ర రాజ్యాంగమే శాసించిన కాలం అది. పెన్సిల్వేనియాలో బంధువుల దగ్గర పెరిగిన ఎసీ మే, పదహారేళ్ల వయసులో ఎడ్జ్‌ఫీల్డ్ లా ఆఫీసులో తండ్రిని మొదటిసారి చూసింది. ఆయన ఆమెకు డబ్బిచ్చి చదివించారు. గవర్నరుగా ఉన్నప్పుడు, ఆమె చదివే నల్లవాళ్ల కాలేజీకి వెళ్లి కలిశారు. బిడ్డ అని బయటికి మాత్రం ఏనాడూ చెప్పలేదు. ఆయన బతికున్నన్నాళ్లూ ఆమె కూడా నోరు విప్పలేదు.

కొలంబియా నగరంలో రాష్ట్ర శాసనసభ ఆవరణలో థర్మండ్ విగ్రహం 1999 నుంచీ ఉంది. దాని పీఠం మీద ఆయన పదవులు, గౌరవాలతో పాటు నలుగురు బిడ్డల తండ్రి అని చెక్కి ఉండేది. 2004లో ఆ 'నలుగురు'ను పూడ్చి 'అయిదుగురు' అని చెక్కారు. కాగితం మీదైతే కొట్టేసి రాయొచ్చు. రాతి మీద అతుకు పడుతుంది. అక్కడ వేలు పెట్టి తడిమితే ఆ చోటు తెలుస్తుంది. దాని దగ్గరే బిడ్డల పేర్లు వరసగా ఉన్నాయి. ఎసీ మే పేరు తర్వాత చేర్చింది కాబట్టి, అందరికన్నా పెద్దబిడ్డ పేరు అందరికన్నా కింద ఉంది.