35.5 : ఒక భిన్నాంకపు చరిత్ర

పరమాణు భారాల పట్టికను చదివే విద్యార్థులు క్లోరిన్ వద్దకు రాగానే ఆగి ప్రశ్నించడం పరిపాటి. హైడ్రోజన్ 1, కార్బన్ 12, ఆక్సిజన్ 16 అని పూర్ణాంకాలు నేర్చుకొన్న తరువాత, క్లోరిన్‌కు మాత్రం 35.5 ఎందుకు? సగం న్యూట్రాన్ అంటూ ఉండదు గదా! ఇది పిల్లల సందేహమే గాదు; మహామహులైన శాస్త్రజ్ఞులను సుమారు వంద సంవత్సరాలు వేధించిన ప్రశ్న.

1815లో లండన్ వైద్యుడు విలియం ప్రౌట్, మూలకాల పరమాణు భారాలన్నీ హైడ్రోజన్ భారానికి పూర్ణ గుణిజాలని భావించాడు. స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్, బెల్జియంకు చెందిన స్టాస్ ఎంత శ్రద్ధగా తూచినా క్లోరిన్ విలువ పూర్ణాంకం కాలేదు. ప్రౌట్ భావన వీగిపోయింది. తూనికలో దోషం లేదు. ఒక మూలకపు పరమాణువులన్నీ సమాన భారం గలవన్న డాల్టన్ నమ్మకంలోనే లోపమున్నదని తేలడానికి మరో శతాబ్దం రావలసి వచ్చింది.

రసాయన ధర్మాలు ఒకటిగానే ఉండి, భారాలు వేరైన పరమాణువులుంటాయని ఫ్రెడరిక్ సాడీ 1913లో ప్రకటించాడు. పట్టికలో అవి ఒకే స్థానంలో ఉంటాయి గనుక వాటికి 'ఐసోటోపు' అనే గ్రీకు పేరును సూచించినది మార్గరెట్ టాడ్ అనే వైద్యురాలు. 1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ తన ద్రవ్యరాశి వర్ణపటలేఖినితో పరమాణువులను భారాన్ని బట్టి వేరుపరచాడు. క్లోరిన్‌లో 35, 37 అనే రెండు రకాలు ఉన్నట్లు బయటపడింది. 1922లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

అయితే 35, 37ల సామాన్య సగటు 36 గదా అని విద్యార్థులు అడుగుతారు. రెండు రకాలూ సమాన సంఖ్యలో లేవు. నూరు పరమాణువులలో సుమారు 75.76 మొదటి రకం, 24.24 రెండవ రకం. కనుక ఒక్కొక్క ద్రవ్యరాశిని దాని పాలుతో గుణించి కూడాలి: 34.969 × 0.7576 + 36.966 × 0.2424 = 35.45. దీనినే భారిత సగటు అంటారు. లభించిన చోటును బట్టి ఈ పాలు స్వల్పంగా మారుతుంది గనుక, 2009 సవరణలో అంతర్జాతీయ సంస్థ క్లోరిన్‌కు ఒకే విలువకు బదులు 35.446 నుండి 35.457 వరకు అవధిని నిర్ణయించింది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మనకు సమీపంలోనే ఉన్నది. హూడి మీదుగా సాగే రైలుమార్గం బంగారుపేట చేరుతుంది. అక్కడినుండి ఒక శాఖ కోలారు బంగారు గనులకు పోతుంది. తెలుగువారు సైతం చెమటోడ్చిన ఆ గనులు 2001లో మూతపడినవి. ప్రకృతిలోని బంగారం యావత్తూ ద్రవ్యరాశి సంఖ్య 197 గల ఒకే రకం. అక్కడ సగటు కట్టవలసిన పనే లేదు.

క్లోరిన్ సంగతి వేరు. 35.45 సత్యమైన సంఖ్యే. కాని అంత భారం గల క్లోరిన్ పరమాణువు సృష్టిలో ఒక్కటీ లేదు. తరగతి సగటు మార్కులు చూచి సంతసించే, లేదా చింతించే ఉపాధ్యాయులమూ తల్లిదండ్రులమూ ఈ మాటను మరువరాదు. సగటు తరగతిని గూర్చి చెబుతుంది. ఆ తరగతిలో కూర్చున్న బిడ్డను గూర్చి తెలుసుకోవాలంటే ఆ బిడ్డనే చూడాలి.