ఆయన సాక్ష్యం, ఆమె చేతిరాత

ఒంగోలు సంఘ చరిత్ర రాయాలనుకొన్న వారెవరైనా ముందుగా వెతికే పుస్తకం ఒకటుంది. అది 1914లో మాక్మిలన్ సంస్థ ప్రచురించిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’. రచయిత జాన్ ఎవరెట్ క్లౌ, అంటే మన పెద్దల నోట క్లౌ దొర. తాను పుట్టి పెరిగిన పల్లె, ఒంగోలు మకాం, కరువు, కాలువ పని, గుండ్లకమ్మ బాప్తిస్మాలు, అన్నిటినీ ‘నేను’ అంటూ ఆయనే చెబుతున్నట్టు పుస్తకం సాగుతుంది. అది వెలువడేనాటికి ఆయన మరణించి నాలుగేళ్లు. పుస్తకం ముఖపత్రం మీద ఆయన పేరు తరువాత ఇంకో మాట ఉంది: దీనిని ఆయన కోసం ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిపెట్టారని.

ఆ రెండో పేరును మనం ఇంతకాలం చదివీ చదవనట్టు దాటిపోయాం. మన సంఘాల జూబ్లీ సంచికలు తిరగేయండి. దొరల పేర్లు పూర్తిగా ఉంటాయి, పుట్టిన ఊళ్లు, చదివిన కళాశాలలు ఉంటాయి. పక్కన ‘మిసెస్’ అన్న మాటకు భర్త ఇంటిపేరు తగిలించి వదిలేస్తాం. తెలుగు బోధకుల భార్యలకు ఆ పాటి చోటు కూడా దక్కలేదు. ఒంగోలు చరిత్రలో ఏ మలుపు తీసుకొన్నా అక్కడ ఒక భార్య నిలబడి ఉంది, భర్త మోసిన బరువులో సగం మోస్తూ ఉంది. ఈ జూబ్లీ సంచికలో ఆ మాట సూటిగా చెప్పడం మన బాధ్యత.

ఎమ్మాగారు సామాన్యమైన ఇంటినుంచి రాలేదు. తండ్రి ఆగస్ట్ రౌషెన్‌బుష్ అమెరికాలోని రోచెస్టర్ వేదాంత పాఠశాలలో జర్మన్ విభాగానికి ఆచార్యుడు. తమ్ముడు వాల్టర్ న్యూయార్క్ మురికివాడలో కాపరిగా పనిచేసి, కూలీల కష్టానికి సువార్త ఏమి బదులు చెబుతుందని అడిగిన మనిషి. 1907లో ఆయన రాసిన ‘క్రిస్టియానిటీ అండ్ ది సోషల్ క్రైసిస్’ అమెరికా సంఘాలను కుదిపింది. ఆ ఇంటి ఆడపడుచు 1882లోనే, ఇరవై మూడేళ్ల వయసులో, ఇంకా పెళ్లి కాకుండానే తెలుగు మిషన్‌కు వచ్చింది. తరువాత యూరప్ వెళ్లి స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకొంది. పరిశోధన స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద. అది 1898లో పుస్తకంగా వచ్చింది. స్త్రీకి డాక్టరేటు రావడమే అరుదైన కాలం అది. అంత చదివిన మనిషి 1894లో, తనకన్నా ఇరవై మూడేళ్లు పెద్దవాడు, అప్పటికే భార్యను పోగొట్టుకొన్నవాడు అయిన క్లౌ దొరను పెళ్లాడి మళ్లీ ఒంగోలుకే వచ్చింది.

క్లౌ దొర మొదటి భార్య హ్యారియెట్ సండర్లాండ్. 1864 నవంబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగి, 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరిన దంపతులు వారు. ఆ కొత్తలోనే జరిగిన ఒక సంగతి మన సంఘ చరిత్రకు మూలస్తంభం. దొర బంగళాలో బడికి పైకులాల పిల్లలు వస్తున్నారు. ఊరి పెద్దలు సంతోషంగా ఉన్నారు. అంతలో తాళ్లకొండపాడు వైపు మాదిగపల్లెల నుంచి యేసును నమ్మిన మనుషులు ఒంగోలుకు రావడం మొదలుపెట్టారు. వీళ్లను చేర్చుకొంటే మేము రాము, మా పిల్లలను పంపము అని పెద్దలు తేల్చి చెప్పారు. ఎటు పోవాలో దొరకు పాలుపోలేదు. గదిలో ఒంటరిగా ప్రార్థన చేసి, చేతికందిన కొత్త నిబంధన తెరిస్తే మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలో 26వ వచనం నుంచి ఉన్న భాగం కనబడింది. లోకం తక్కువగా చూసినవారినే దేవుడు ఏర్పరచుకొన్నాడని పౌలు చెప్పిన చోటు అది. లేచి భార్య దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోయింది. ఇంకో గదిలో కూర్చుని, అదే ప్రశ్నతో, ఆమె కూడా అదే భాగం చదువుతోంది. ఆ తరువాత వారికి సందేహం లేదు. మాదిగలు లోపలికి వచ్చారు, పైకులాల పిల్లలు వెళ్లిపోయారు, ఒంగోలు సంఘం ఏ ప్రజల సంఘం కావాలో ఆ ఒక్క పూటలో తేలిపోయింది.

మామూలుగా ఈ కథను దొరకు దేవుడు చూపిన దారిగా చెబుతాం. నిజానికి ఆ నిర్ణయం ఇద్దరిది. భార్య మరో మాట అని ఉంటే, పిల్లవాడితో పరాయి ఊళ్లో ఉన్నాం, ఊరి పెద్దలతో వైరం దేనికి అని ఉంటే, దొర ధైర్యం ఎంతవరకు నిలిచేదో ఎవరు చెప్పగలరు? హ్యారియెట్ అమ్మగారు 1893లో మరణించారు. ఆమె పాలుపంచుకొన్న ఆ పూటను పుస్తకంలో పదిలపరచి మన చేతికి ఇచ్చింది ఎమ్మాగారి కలం. రెండో భార్య మొదటి భార్యకు చరిత్రలో ఆమె చోటు ఆమెకిచ్చి నిలబెట్టింది. భర్త పట్ల నమ్మకత్వం అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఇదే. ఆయన జీవితంలో తనకు ముందున్న స్త్రీని తగ్గించాలని ఆమె చూడలేదు.

వీరందరికన్నా ముందు ఒంగోలు కోసం కొండ ఎక్కి ప్రార్థించినవారు ఉన్నారు. 1849 నుంచి నెల్లూరులో పనిచేస్తున్న లైమన్ జ్యూయెట్, ఆయన భార్య యుఫీమియా, 1854 జనవరి 1న తెల్లవారకముందే ఒంగోలు కొండ ఎక్కారు. ఫలితం లేని ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన మిషన్ సభలో వాదించుకొన్న రోజులవి. దేశపటం మీద ఒంటరి చుక్కలాగా మిగిలిందని దానికి ‘లోన్ స్టార్’ మిషన్ అనే పేరు వచ్చింది. ఆ తెల్లవారుజామున కొండమీద ఉన్నది అయిదుగురు: జ్యూయెట్ దంపతులు, వారితో వచ్చిన తెలుగు విశ్వాసులు క్రిస్టియన్ నరసు, జూలియా, రూత్. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వారు ప్రార్థించారు. పన్నెండేళ్లకు క్లౌ దంపతులు వచ్చారు. ప్రార్థన కొండ మీద మనం ఏటా జ్యూయెట్ దొరను తలచుకొంటాం. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలని ఎంతమంది గుర్తుచేసుకొంటారు?

మన ఇళ్లలోని దంపతుల మాటకొద్దాం. తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య పేరు ఒంగోలు క్రైస్తవులకు కొత్త కాదు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు, రాజయోగ సాధన చేసినవాడు, మాదిగల్లో మొదట క్రీస్తును నమ్మి తన జనాన్ని వెంట తెచ్చినవాడు. 1866లో ఆయనతోపాటు భార్య నాగమ్మ కూడా బాప్తిస్మం పొందింది. ఆ తరువాత క్లౌ దొర తాళ్లకొండపాడు వెళ్లి, కొన్ని రోజులు ఉండి, 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఏర్పడిన ఒంగోలు సంఘానికి మొదటి పల్లె పంట అది. మగవాడు ఊళ్లు తిరిగి చెప్పగలడు. పల్లెలో ఇంటింటి పొయ్యి దగ్గరికి, బావి దగ్గరికి ఆ మాట చేరాలంటే ఇంట్లో ఉన్న మనిషి మారాలి. పేరయ్య మాటను పల్లె నమ్మడంలో నాగమ్మ పాలు ఎంతో, పల్లెల్లో కాపురం చేసినవారికి చెప్పనక్కరలేదు.

1872లో రామాయపట్నంలో వేదాంత పాఠశాల మొదలయ్యాక విద్యార్థుల భార్యలకు కూడా అక్కడ చదువు చెప్పారు. బోధకుణ్ణి తయారుచేయడమంటే ఇద్దరిని తయారుచేయడమని మిషన్‌కు అర్థమైంది. ఆయన పల్లెబడి నడిపితే ఆమె ఆడవారిని కూర్చోబెట్టి కీర్తనలు నేర్పేది, పురుడు వచ్చిన ఇంటికి వెళ్లేది, తగవు వచ్చిన మొగుడూపెళ్లాలకు సర్దిచెప్పేది. 1876-78 కరువులో బోధకులు బకింగ్‌హాం కాలువ మీద మేస్త్రీలుగా నిలబడ్డారు. మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ దొర కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. కరువు రోజుల్లో తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపి, 1878 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆ ఏడాది చివరికి 9,606. ఈ అంకెలు మనకు కంఠతా వచ్చు. అంతమందిని ఆ మరునాటి నుంచి పల్లెపల్లెలో ప్రార్థనలో నిలిపి ఉంచినవారిలో బోధకుల భార్యలు ఉన్నారు, ఇల్లిల్లూ తిరిగి ఆడవారికి వాక్యం చెప్పిన ‘బైబిలు స్త్రీలు’ ఉన్నారు. వారి పేర్ల జాబితా మన దగ్గర లేదు.

ఇలా మరుగునపడేవారి మాటను రాసిపెట్టడంలోనే ఎమ్మాగారి గొప్పతనం ఉంది. 1899లో ఆమె తన పేరుతోనే ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అనే పుస్తకం తెచ్చింది. చెప్పులు కుట్టే మాదిగల కథలు అవి. అరుంధతి కథ, మాతంగి, పోతులూరి వీరబ్రహ్మంగారి బోధలు, రాజయోగ గురువులు, ఆ దారుల్లో నడిచి చివరికి క్రీస్తు దగ్గరికి వచ్చిన పేరయ్య లాంటివారు, అందరూ అందులో ఉన్నారు. పల్లె మనిషికి చరిత్ర ఉందని, దొర రాకముందే అతను దేవుణ్ణి వెతికాడని ఆమె నమ్మింది. ఆ నమ్మకం లేనివాళ్లు మా తాతల కథలను మూఢనమ్మకాలని పక్కన పెట్టేవారు. ఆనాడు మిషనరీలు రాసిన పుస్తకాల్లో ఇంత మర్యాదగా మాదిగల నోటి మాటను రాసుకొన్నవి చాలా తక్కువని నా అభిప్రాయం.

క్లౌ దొర వృద్ధాప్యంలో పడిపోయి తుంటి విరిగి నడవలేని స్థితికి వచ్చాడు. ఆ చివరి ఏళ్లలో ఆయన జ్ఞాపకాలను ఆమె కాగితం మీద పెట్టింది. వేల బాప్తిస్మాలు ఇచ్చిన మనిషి, తన పద్ధతుల్లో ఏది పల్లెకు సరిపోయింది, ఏది పాశ్చాత్యుల అలవాటు మాత్రమే అని ప్రశ్నించుకొన్న తీరును కూడా దాచకుండా రాసింది. భర్తను గొప్ప చేయాలనుకొనే భార్య అలాంటి పేజీలు తీసేసేది. ఆయన 1910 నవంబరులో రోచెస్టర్‌లో మరణించారు. పని అక్కడితో ఆపకుండా ఆమె పుస్తకం పూర్తిచేసింది. సొంత పేరుతో పుస్తకాలు రాసిన డాక్టరు ఆమె. అయినా ఈ పుస్తకంలో తన గొంతు పక్కన పెట్టి భర్త ‘నేను’ను నిలబెట్టింది.

ఈ సంచిక చేతికి తీసుకొన్న ప్రతి సంఘానికీ ఒక మనవి. మీ సంఘం మొదలైన రోజునుంచి పనిచేసిన అయ్యగార్ల పేర్లు గుడి గోడమీద రాయించి ఉంటారు. వచ్చే సంవత్సరాదిలోగా ఆ పేర్ల పక్కన అమ్మగార్ల పేర్లు కూడా, వారి సొంత పేర్లతో, రాయించండి. స్త్రీల సమాజంలో పెద్దవాళ్లు ఇంకా బతికి ఉండగానే ఆదివారబడి పిల్లలను వారి దగ్గరికి పంపి, తమ అత్తలు, అమ్మలు చేసిన సేవను చెప్పించుకొని నోటుపుస్తకాల్లో రాయించండి. రాసినవాటి నకలు ఒకటి సంఘం బీరువాలో ఉంచండి.