ఎండ నుంచి కరెంటు పెట్టెకు

వరుగులు ఎండబెట్టడం మన ఇళ్లలో అమ్మమ్మలనాటి విద్య. అయితే ఎండనే నమ్ముకుంటే ఒక్క మబ్బు చాలు, పనంతా పాడు. ఫ్రాన్సు దేశంలో 1795లోనే వేడిగాలి గదిలో కూరముక్కలు ఆరబెట్టారు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యాలకు ఎండుకూరలు కూడా పంపారు. నేటి ఇంటి కరెంటు పెట్టె ఆ గదికి మనుమరాలే: వేడితీగ, ఫంకా, జల్లెడ పళ్లేలు. చెమ్మను బయటికి మోసేది ఫంకాయే సుమండీ! కూరముక్కలకు సుమారు 57 డిగ్రీలు చాలు. వేడి మీరితే ముక్క పైన బిరుసెక్కి, లోపల చెమ్మ నిలుస్తుంది, అక్కడే బూజు. 1960లో ఇంగ్లండులో బూజుపట్టిన వేరుసెనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి. ఆ విషమే అఫ్లాటాక్సిన్. కళ్లంలో తడిసిన మిరపకాయకూ పట్టగలదు. కూరముక్కలు చల్లారాక టక్కున విరిగితేనే డబ్బాలో పొయ్యండి.