మన దేశపు చేప, అమెరికా తొట్టి, పేగులో పాత చుట్టాలు

సంగం బ్యారేజీ దగ్గర, పెన్నా ఒడ్డున ఉన్నా. నీళ్ల శబ్దం వస్తుంటే కాస్త సర్దుకోండి.

ఈ రోజు కథ చిటికెన వేలంత కూడా లేని ఒక చేపది. పేరు జీబ్రాఫిష్, ఒంటి మీద నీలం చారలుంటాయి. ఇది మన దేశపు చేపే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే డాక్టరు గంగానది చేపల పుస్తకంలో దీని గురించి రాశాడు. తర్వాత అక్వేరియం చేపగా విదేశాలకెళ్లింది. ఓరెగాన్ యూనివర్సిటీలో జార్జ్ స్ట్రైసింగర్ ఏళ్ల తరబడి దీని మీదే పనిచేసి, 1981లో దీని క్లోన్ల గురించి పేపర్ వేశాడు. ఆ తర్వాత ల్యాబులన్నీ దీని వెంట పడ్డాయి. మన హైదరాబాద్ సీసీఎంబీలో కూడా ఉంది.

ఎందుకంత క్రేజ్ అంటే, పిల్ల అద్దంలా ఉంటుంది, పేగు బయటికే కనిపిస్తుంది. ఇంకోటి, గుడ్డు తల్లి ఒంటి బయటే పెరుగుతుంది. దాని పైభాగం కడిగి, సూక్ష్మజీవులు లేని నీళ్లలో పెంచితే, కడుపులో ఒక్క బాక్టీరియా కూడా లేని చేప వస్తుంది. 2004లో జాన్ రాల్స్, జెఫ్రీ గోర్డన్ వాళ్లు అలాంటి చేపల్ని మామూలు చేపలతో పోల్చి చూస్తే, 212 జీన్ల పనిలో తేడా కనిపించింది. అందులో 59 ఎలుకల్లో కూడా అలాగే మారతాయి!

2006లో ఇంకో అడుగు. ఎలుక పేగులోని బాక్టీరియాని చేపలోకి, చేపదాన్ని ఎలుకలోకి ఎక్కించారు. వచ్చిన జాతులు పాతవే, కానీ ఏది ఎంత ఉండాలనే లెక్క మాత్రం కొత్త పేగు మార్చేసుకుంది.

ఇక్కడే నాకు కోడింగ్ రోజులు గుర్తొచ్చాయి. "మా సిస్టమ్‌లో బానే రన్ అవుతోంది బ్రో" అంటాం కదా, ల్యాబులకీ అదే భయం. ఒక్కో తొట్టిలో ఒక్కో రకం బాక్టీరియా ఉంటే, ఒకరి రిజల్ట్ ఇంకొకరికి ఎట్టా వస్తుంది? పైగా తరాల తరబడి తొట్టి నీళ్లు, ప్యాకెట్ మేత. అసలు ఇది ఇంకా ఏటి చేపేనా?

2011లో రాల్స్ కూడా ఉన్న బృందం రకరకాల ల్యాబుల చేపల్ని, ఇండియాలో కొత్తగా పట్టిన చేపల్ని పక్కపక్కన పెట్టి చూసింది. తేడాలున్నాయి. కానీ కొన్ని బాక్టీరియా గుంపులు మాత్రం అన్నిట్లో ఉన్నాయి. నీళ్లు మారినా, దేశం మారినా పేగు తనకు కావాల్సిన వాటిని ఏరుకుంటోందన్నమాట.

మన జిల్లా రొయ్యల గుంటల్లో కూడా గట్ ప్రోబయోటిక్ డబ్బాలు పోస్తారుగా. ఇది రొయ్య మీద చేసిన ప్రయోగం కాదు, నా మాట విని డబ్బాలు పారేయొద్దు. కాకపోతే ఈసారి కొనేటప్పుడు షాపతన్ని ఒకటి అడగండి: "అన్నా, ఇందులోది రొయ్య పేగులో ఎన్ని రోజులు నిలబడుద్ది?" ఏం చెప్పాడో కామెంట్‌లో పెట్టండి.